మూడో పాదం చివర

కృపానందం చేతికొచ్చిన రేడియో బాగుపడకుండా పోయింది లేదు. అలాగని చెప్పిన రోజుకి బాగుపడిందీ లేదు. విజయవాడ వన్ టౌన్‌లో ఓ మిరపకాయల గోడౌను మెట్ల కింద, నిటారుగా నిలబడితే నెత్తి తగిలే చోట అతని కొట్టు. బోర్డు లేదు. "వెళ్తూ ఉండండి, ఎక్కడ తుమ్మొస్తే అదే కృపానందం కొట్టు" అని వీధిలోవాళ్ళు గుర్తు చెప్పేవారు. అతను బాగుచేసిన సెట్టు ఇంటికి తీసుకెళ్ళాక మొదటి వారం రోజులు వార్తలు కూడా ఘాటుగానే వస్తాయని ఎగతాళి చేసేవారు.

ఎవరొచ్చి అడిగినా "రేపు రండి" అనేవాడు. ఆ రేపు ఎప్పుడొస్తుందో అతనికే తెలియదు. తిట్టిపోద్దామని వచ్చినవాళ్ళు కూడా అతని ముఖం చూసి చల్లబడి వెళ్ళిపోయేవారు. అబద్ధాలాడేవాడి ముఖం కాదది, నిజంగానే రేపు చేసేద్దామనుకునేవాడి ముఖం. అబద్ధాలకోరుని నాలుగు దులిపి దారికి తెచ్చుకోవచ్చు. ఇలాంటివాడితోనే చిక్కు. ఆ గుణం వల్ల కృపానందం ఏం పోగొట్టుకున్నాడో, దాన్ని వెతుక్కుంటూ ఒక ఆట యంత్రానికి పాట ఎలా కట్టాడో చెప్తాను.

దివిసీమలో రెల్లుదిబ్బ అనే ఊరుండేది. ఉండేది అనే అనాలి. చల్లపల్లి దాటి, అవనిగడ్డ దాటి, ఇంకా సముద్రం వైపు నడిస్తే మురుగుకాలవ గట్టున నలభై గడప. అందరూ క్రైస్తవులే, అందరూ పొలం కూలీలే. కాలవకి అవతలి గట్టు మీద చేపలు పట్టేవాళ్ళ పల్లిపాలెం. వాళ్ళ దేవత గంగమ్మ. రెండు ఊళ్ళకీ మధ్య రెండు తాటిదూలాల వంతెన. దాని మీద అటునుంచి చేపల గంపలొచ్చేవి, ఇటునుంచి వడ్లు వెళ్ళేవి. అంతకుమించి రాకపోకలు లేవు.

కృపానందం తండ్రి ఇశ్రాయేలుకి చదువు రాదు గానీ చదువంటే భక్తి. కొడుకుని చల్లపల్లిలో హాస్టల్లో వేశాడు. అక్కడ కుర్రాడికి లెక్కల కన్నా ముందు జక్కయ్య మాస్టారి హార్మోనియం పట్టుబడింది. ఎనిమిదో తరగతి గట్టెక్కి ఊరొచ్చేసరికి రెండు విద్యలు వెంట తెచ్చుకున్నాడు. ఒకటి హార్మోనియం వాయించడం, రెండోది పాడైనదేదైనా విప్పి చూడటం. మొదటిదానికి ఊరు సంతోషించింది. రెండోదానికి పంచాయతీ రేడియో బలైంది. నాలుగు రోజులు మూగబోయి ఐదోరోజు అది మునుపటికంటే గట్టిగా మాట్లాడేసరికి, దాని తాళంచెవి కూడా అతనికే ఇచ్చేశారు.

ఇక్కడ గుడి పాటల సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. పాటల పుస్తకం అందరికీ ఒకటే. అందులో మాటలుంటాయి, పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. వరస ఉండదు. అది ఏ ఊరికి ఆ ఊరిది. తాత పాడినట్టు తండ్రి, తండ్రి పాడినట్టు కొడుకు. అదే పాటని చల్లపల్లిలో ఒకలాగ పాడితే నాగాయలంకలో ఇంకొకలాగ పాడతారు. ఎవరికి వాళ్ళు తమదే అసలుదంటారు. రెల్లుదిబ్బవాళ్ళకి ఆరాధన ముగింపులో పాడే పాట ఒకటుండేది. నాలుగేసి పాదాల చరణాలు. అది ఎంత నిదానమంటే, పాట ఎత్తుకున్నప్పుడు ఎసరు పెడితే ఆమెన్ అనేసరికి అన్నం వార్చుకోవచ్చని పక్క ఊరివాళ్ళు వెక్కిరించేవారు. రెల్లుదిబ్బవాళ్ళు పట్టించుకునేవారు కాదు. ఆ ఊరికి స్వంతానికి పొలం లేదు, చెరువు లేదు, ఉన్నది ఆ వరస ఒక్కటే.

ఆ పాట ఎత్తుకునేది కృపానందం భార్య సంపూర్ణమ్మ. యాభై తొమ్మిదిలో నాగాయలంక వైపు నుంచి కోడలిగా వచ్చింది. ఆమెది తీపి గొంతేమీ కాదు. కాస్త జీర ఉండేది, కానీ ఎత్తుకుంటే కాలవ దాటేది. పాస్టరుగారు నెలకోసారి సైకిలు మీద వచ్చేవారు. మిగతా ఆదివారాల్లో ప్రసంగమైనా ప్రార్థనైనా ఆ పాటే. ముందు సంపూర్ణమ్మ, ఆమె వెనక నలభై గడప, పక్కన హార్మోనియంతో కృపానందం. ఇద్దరు పిల్లలు పుట్టి నిలవలేదు. రెండో బిడ్డని పూడ్చిపెట్టిన వారం కూడా ఆమె పాట ఆపలేదు. ఆ ఆదివారం హార్మోనియం తిత్తి కొడుతూ ఆమె వైపు చూడలేకపోయాడు అతను.

డెబ్బై ఐదు మొదట్లో, చేతిలో విద్య ఉంచుకుని ఎన్నాళ్ళు కూలికెళ్తావని నలుగురూ అంటే విజయవాడ వచ్చేశాడు. సంపూర్ణమ్మ రాలేదు. అత్తగారు మంచంలో ఉంది. "ముసలామె సంగతి చూసి వస్తాలే, నువ్వెళ్ళు" అంది. వెళ్తూ వెళ్తూ కృపానందం గుడి హార్మోనియం కూడా వెంట తీసుకెళ్ళాడు. తిత్తి చిరిగింది, రెండు రీడ్లు పలకడం లేదు. బెజవాడలో సామాను దొరుకుతుంది, వారంలో బాగుచేసి తెస్తానని పెద్దలకి మాటిచ్చాడు.

ఆ వారం మూడేళ్ళయింది. ముందు వాళ్ళవీ వీళ్ళవీ రేడియోలు చేశాడు, తనదే కదా అని హార్మోనియం ఓ మూలన పెట్టాడు. దాని మీద ఒకళ్ళ సెట్టు, ఆ సెట్టు మీద ఇంకొకళ్ళ సెట్టు. ఇంటికెళ్ళిన ప్రతిసారీ సంపూర్ణమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చి, "ఏమయ్యా, పెట్టె తెచ్చావా?" అని అడిగేది. "ఈసారి తప్పకుండా" అనేవాడు. ఊళ్ళోవాళ్ళు కూడా అడుగుతారని ఆదివారాలు ఊరికెళ్ళడం మానేశాడు. సోమవారం బస్సెక్కి బుధవారం తిరిగొచ్చేసేవాడు. రెండు క్రిస్మసులు ఏదో వంక పెట్టి బెజవాడలోనే గడిపాడు. పెట్టె లేకుండా వాళ్ళు ఎలా పాడుకుంటున్నారని ఒక్కసారీ అడగలేదు. అడిగితే జవాబు వినాల్సొస్తుంది మరి.

డెబ్బై ఏడు నవంబరు పంతొమ్మిది, శనివారం. దివిసీమ ఉప్పెన సంగతి నేను చెప్పక్కర్లేదు. నాలుగో రోజుకి గానీ కృపానందం అవనిగడ్డ చేరలేకపోయాడు. అక్కణ్ణుంచి నడిచాడు. రెల్లుదిబ్బ ఉన్నచోట రెల్లు కూడా లేదు. పొరుగూళ్ళకి పనికిపోయినవాళ్ళూ, చెట్లు పట్టుకున్నవాళ్ళూ కలిపి పదకొండుమంది మిగిలారు. సంపూర్ణమ్మ దొరకలేదు. మనిషిగా దొరకలేదు, శవంగానూ దొరకలేదు. తొమ్మిది రోజులు వెతికి, వెతకడానికి ఇంకేమీ లేదని తెలిసి వెనక్కొచ్చాడు.

వచ్చిన మర్నాడు మూలనున్న సెట్లన్నీ దించి హార్మోనియం విప్పాడు. తిత్తికి కొత్త తోలు అతికించి, రెండు రీడ్లు మార్చాడు. పని రెండు గంటలు కూడా పట్టలేదు.

ఎవరి కోసం బాగుచేశాడో తెలియదు. బాగైంది కదా అని ఆ పాట వాయించబోయాడు. మొదటి పాదం వచ్చింది, రెండోది వచ్చింది. మూడో పాదం చివరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అక్కడ ఏదో ఉండాలి. చెవులు ఉందంటున్నాయి, వేళ్ళకి తెలియడం లేదు. ఎవరూ పాడకుండా అతని చెయ్యి ఆ పాట ఎన్నడూ వాయించలేదు. సంపూర్ణమ్మ అక్కడ గొంతు ఎలా తిప్పేదో గుర్తుచేసుకుందామని కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు తెలిసింది, ఆమె గొంతే గుర్తుకు రావడం లేదని. ముఖం వస్తోంది. కాళ్ళకి నీళ్ళిచ్చే చెయ్యి వస్తోంది. గొంతు రావడం లేదు.

అదిగో అక్కడ పట్టుకుంది అతన్ని పిచ్చి. ఆ చివరి ముక్క దొరికితే చాలు, దాన్ని పట్టుకుని ఆమె గొంతు మొత్తం వచ్చేస్తుందని నమ్మాడు. నమ్మకానికి ఆధారమేమిటంటే ఏం చెప్తాడు? అతనికి మిగిలింది అదొక్కటే.

మిగిలిన పదకొండుమందినీ వెతుక్కుంటూ పోయాడు. ఒకడికి చెవుడు. ఇద్దరు పసివాళ్ళు. మగవాళ్ళు మాకు తెలీదన్నారు, సంపూర్ణక్క పాడితే వెనక అనుకోవడమే గానీ విడిగా ఎప్పుడు పాడామన్నారు. కొత్త ఇళ్ళ కాలనీలో శౌరమ్మ అనే ముసలామె మాత్రం చాప మీద కూచుని, పమిట కప్పుకుని పాడింది. మూడో పాదం చివరికి వచ్చి ఆగింది. ఆగి కృపానందం ముఖంలోకి చూసింది. కాస్సేపు చూసి నాలుగో పాదంలోకి వెళ్ళిపోయింది.

"అక్కడ మర్చిపోయావా అత్తా?" అన్నాడు కృపానందం.

"మర్చిపోలేదనుకుంటా నాయనా. అంతే అది" అంది శౌరమ్మ.

ముసలితనం, పైగా అంత కష్టం చూసిన మనిషి, మర్చిపోక ఏం చేస్తుంది అనుకుని దండం పెట్టి లేచొచ్చేశాడు. అతనికి అలా అనుకోవడమే తేలిక.

ఏడాది గడిచింది. డెబ్బై తొమ్మిదిలో, చలి ఇంకా పోకముందే, పి.డబ్ల్యు.డి. గ్రౌండ్సులో ఎగ్జిబిషన్ పెట్టారు. రత్తయ్య అనే తెనాలి మనిషి ఒకాయన ఒక పెట్టె మోయించుకుని మిరపకాయల ఘాటుకి ముక్కు మూసుకుంటూ వచ్చాడు. ఏళ్ళ తరబడి ఎగ్జిబిషన్లలో సబ్బుల మీదికి రింగులు విసిరించే మనిషి. ఈ ఏడు మద్రాసు నుంచి కొత్త ఆట తెచ్చాడు. పెట్టెలో ఉన్నది టీవీ, దానికి తగిలించే ఇంకో చిన్న పెట్టె. తెర మీద ఎడమన ఒక తెల్లగీత, కుడిన ఒక తెల్లగీత, మధ్యలో అటూ ఇటూ పరిగెత్తే తెల్లచుక్క. మరలు తిప్పి గీతతో చుక్కని కొట్టాలి. బెజవాడకి అప్పటికి టీవీయే రాలేదు. అలాంటిది టీవీలో ఆట అంటే జనం విరగబడతారని రత్తయ్య ఆశ. దారిలో ఎక్కడో దెబ్బతగిలి దాని చప్పుడు పోయింది. మూగ ఆట. జనం వచ్చి, చూసి, "ఇంతేనా" అని జయంటు వీలు వైపు పోతున్నారు.

"కృపానందం గారూ, దీనికి నోరు పెట్టాలండీ" అన్నాడు రత్తయ్య.

"టక్కు టక్కుమనిపిస్తే సరిపోద్దిగా?"

"టక్కు టక్కుమంటే వడ్రంగం కొట్టనుకుంటారండీ. పాడాలి."

"రికార్డు పెట్టుకోండి మరి."

"పక్కనే మోటారు సైకిలు బావి. వాడు నాలుగు మైకుల్లో సినిమా పాటలేస్తన్నాడు. నేనేం రికార్డేసినా వాడి కిందే. ఇది యంత్రమండీ. యంత్రం తన గొంతుతో తను పాడితే అప్పుడు ఆగుతారు జనం."

ఆ మాట కృపానందానికి నచ్చింది. గొంతు లేనిదానికి గొంతు పెట్టడం అతని వృత్తి. "రేపు రండి" అన్నాడు. రత్తయ్య తెలివైనవాడు, పన్నెండు రోజుల తర్వాత వచ్చాడు.

ఆ పన్నెండు రోజులూ కృపానందం ఇంకో సెట్టు ముట్టుకోలేదు. ఒక చెక్కపలక మీద నాలుగు వరసల్లో ముప్పై రెండు బుల్లి మరలు బిగించాడు. ఒక్కో మర ఒక్కో స్వరం. స్క్రూడ్రైవరుతో అటు తిప్పితే స్వరం పైకి పోతుంది, ఇటు తిప్పితే కిందికి దిగుతుంది. కరెంటు ఒకదాని తర్వాత ఒకదాన్ని తట్టుకుంటూ పోతుంది. ఒకసారికి ఒక్కటే మోగుతుంది. ఆ గొంతు ఈలకీ దోమకీ మధ్య ఉంటుంది. దానికి గమకం లేదు, ఊపిరి లేదు, గట్టిగా మెల్లిగా అనడం లేదు. అన్ని స్వరాలూ ఒకే నిడివి. ఒక స్వరాన్ని సాగదీయాలంటే పక్కపక్క రెండు మరల్నీ ఒకేలా తిప్పాలి, అంటే ముప్పై రెండులోంచి ఒకటి వదులుకోవాలి.

ఏ పాట పెట్టాలని అతను ఆలోచించనే లేదు. సరిచూసుకోవడానికి హార్మోనియం పక్కన పెట్టుకుని మొదటి మర తిప్పాడో లేదో, అది రెల్లుదిబ్బ పాటలోకి వెళ్ళిపోయింది. గుడి పాటని ఆటలో పెడితే పాస్టరుగారు ఏమంటారని ఒక్క క్షణం అనుకున్నాడు. మాటలు లేవు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు. అన్నం ఉడికేంత పాటని ముప్పై రెండు స్వరాలకి కుదించాలి. పాదానికి ఎనిమిది. దేన్ని తీసేస్తే పాట చచ్చిపోతుంది, దేన్ని తీసేసినా బతుకుతుంది? ఇరవై ఏళ్ళు వాయించిన పాటని అప్పుడు మొదటిసారి విన్నాడు. రెండో పాదంలో దిగుడు ఊళ్ళోవాళ్ళ అలసటలోంచి వచ్చిందని తోచింది. నాలుగో పాదం ఎత్తుగడలో సంపూర్ణమ్మ కొంచెం తొందరపడేదని గుర్తొచ్చింది. ఆ ఒక్క గుర్తుకి స్క్రూడ్రైవరు పక్కన పెట్టి చాలాసేపు కూచున్నాడు.

మూడో పాదం చివరి నాలుగు మరల దగ్గర మళ్ళీ అదే గోడ. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు. ఎలా తిప్పినా అది కాదు.

"అక్కడేదో ఒహటి పెట్టెయ్యండీ, ఎవడు చూడొచ్చాడు" అన్నాడు రత్తయ్య.

పెట్టాడు. రాగానికి ఒదిగే నాలుగు స్వరాలు ఏవో పెట్టాడు. తప్పని తెలిసే పెట్టాడు.

చుక్క ఆటలో ఉన్నంతసేపూ పాట సాగుతుంది, ఎవరైనా తప్పారంటే ఆగి మళ్ళీ మొదటికొస్తుంది. అలా తీగలు కలిపాడు. ఇక చూడండి రత్తయ్య డేరా ముందు తొక్కిడి. పక్కన బావిలో మోటారు సైకిలువాడు ప్రాణాలకి తెగించి గిరగిరా తిరుగుతుంటే, జనం ఇటు తిరిగి ఒక తెల్లచుక్కకి ఈలలు వేశారు. చుక్క పోతే పాట పోతుందని పాట కోసం ఆడినవాళ్ళూ ఉన్నారు. ఆట రానివాళ్ళు మొదటి పాదంలోనే ఓడిపోయేవారు కాబట్టి మొదటి పాదం ఎగ్జిబిషనంతటికీ నోటికొచ్చింది. కాలేజీ కుర్రాళ్ళు మూడో పాదం దాకా వెళ్ళేవారు.

రత్తయ్య సంతోషం పట్టలేకపోయాడు. కృపానందానికి మాత్రం ముళ్ళ మీద ఉన్నట్టుంది. రోజూ మధ్యాహ్నం డేరా తెరవకముందే వచ్చి, పలక విప్పి, ఆ నాలుగు మరలూ తిప్పి చూసేవాడు. ఒకనాడు కాలేశ్వరరావు మార్కెట్ దగ్గర తోపుడుబండివాడు ఎవడో మూడో పాదం ఈల వేసుకుంటూ పోయాడు, చివర తను అతికించిన ముక్కతో సహా. కృపానందం నడక ఆపి విన్నాడు. రెల్లుదిబ్బలో పాడేవాళ్ళు లేరు. ఇక లోకంలో ఉండేది ఈ వరసే. ఉన్నదాన్ని కూడా తన చేత్తో పాడుచేసి వదిలాననుకున్నాడు. ఎగ్జిబిషన్ ఇంకో వారంలో ఎత్తేస్తారు. పెట్టె రత్తయ్యతో రాజమండ్రి వెళ్ళిపోతుంది, తప్పు కూడా దాంతోపాటే ఊరూరా తిరుగుతుంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, జనం ఇంకా రాకముందు, కృపానందం బల్ల మీద పలక ముందేసుకుని ఉండగా ఒక ఆడమనిషి డేరా గుడ్డ తొలగించి లోపలికి తొంగిచూసింది. నడుం మీద ఉడికించిన శనక్కాయల గంప. గేటు దగ్గర కూచుని అమ్ముకునే మనిషే, రోజూ చూస్తూనే ఉన్నాడు.

"బాబూ, ఈ పాట ఎక్కడిదయ్యా?" అంది.

"మిషను పాటమ్మా."

"మిషనుకెక్కడినించొచ్చుద్ది? ఇది కాలవ అవతలోళ్ళ పాట."

కృపానందం చేతిలో స్క్రూడ్రైవరు కిందపడింది.

ఆమె పేరు గంగారత్నం. పల్లిపాలెం మనిషి. ఉప్పెన వారం కూతురి పురిటికని చల్లపల్లి వెళ్ళడంతో మిగిలింది. ఇప్పుడు కూతురూ అల్లుడూ బెజవాడలో ఉంటే వాళ్ళ దగ్గరుంటోంది. ఆ రోజుల్లో రెల్లుదిబ్బకి చేపలు తెచ్చేది. ఆదివారం గుడి వదిలేదాకా ఎవరూ బేరానికి రారు కాబట్టి గంప పక్కన పెట్టుకుని తాటిదూలం మీద కూచునేది. లోపలికి ఎన్నడూ వెళ్ళలేదు. బేరాలన్నీ ఆడవాళ్ళతోనే, ఆ ఊరి మగవాళ్ళ ముఖాలు ఆమె ఎరగదు. పాట చివరి చరణానికొచ్చిందని తెలిస్తే లేచి గంప నెత్తికెత్తుకునేది.

"మాటలు మాకు కాలవ దాటి వచ్చేయి కాదు బాబూ. కూనిరాగమే వచ్చేది. ఎన్నేళ్ళు విన్నానో" అంది. "ఇక్కడ మొదటిరోజు వినపడంగానే గుండె ఝల్లుమంది. మనుషులు లేకుండా పాట ఎట్టా వస్తందని రెండు రోజులు ఇటేపు రాలేదు. తర్వాత్తర్వాత దీనికోసమే పెందరాళే వస్తన్నా. అంతా సరిగ్గానే పెట్టావు గానీ ఒక్కచోట తప్పుంది."

"ఎక్కడ?"

"మూడో ముక్క కొసన. అక్కడీ కూత లేదు."

పద్నాలుగు నెలలుగా వెతుకుతున్నది వచ్చి ఎదురుగా నిలబడింది. అతను లేచి రెండు చేతులూ జోడించాడు. "అక్కడ ఏముందో పాడమ్మా. నీకు దండం పెడతా. అదొక్కటీ పాడు."

గంగారత్నం తెల్లబోయింది. "ఏం పాడేది? అక్కడేం లేదయ్యా. ఆగేవోళ్ళు."

"ఆగడమేంటి? అక్కడ ఉంది. నాకు తెలుసు. వినేవాణ్ణి."

"ఉండేదిలే, ముందు రోజుల్లో. గుళ్ళో పెట్టె ఉండేది. ఎవరో ఒకాయన వాయించేవాడు. ఆ జీరగొంతావిడ అక్కడికొచ్చి ఆగితే పెట్టె ఒక ముక్క పలికేది, మళ్ళీ ఆవిడ ఎత్తుకునేది. ఆదివారానికో రకంగా పలికేది ఆ పెట్టె, ఇదీ అని చెప్పలేం. తర్వాత ఆయన బెజవాడొచ్చేశాడంట, పెట్టె కూడా తెచ్చేసుకున్నాడంట."

కృపానందం జోడించిన చేతులు దించేశాడు.

"పెట్టె లేకపోయినా ఆవిడ ఆగేది బాబూ. ఆవిడాగితే ఊరంతా ఆగేది. పసిపిల్లలతో సహా. మూడేళ్ళు అంతే. మేం ఇవతల కూచుని నవ్వుకునేవోళ్ళం, ఎవరికోసమే ఈ ఆగడం అని. చేపలు కొంటా ఉంటే ఓసారి ఆవిణ్ణే అడిగా. 'ఆ చోటు మాది కాదు రత్నం, మా ఆయనది. వచ్చి వాయించుకుంటాడు' అంది."

బయట ఎవరో మైకు సరిచూస్తున్నారు. కృపానందం కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఆమె గొంతులో వెతికింది తన చేతి పనిని. ఏ ఆదివారం ఏది తోస్తే అది వాయించి, ఇంటికెళ్ళి అన్నం తిని మర్చిపోయిన ముక్కలవి. తను ముఖం చాటేసి సోమవారాలు బస్సెక్కుతున్న మూడేళ్ళూ, నలభై గడప ప్రతి ఆదివారం, చరణానికోసారి, తన కోసం నోరుమూసుకుని నిలబడింది. శౌరమ్మ మర్చిపోలేదు. ఎదురుగా అతను కూచున్నాడని ఆగింది. అతను ఏడ్చాడు. సంపూర్ణమ్మ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. అతనెవరో గంగారత్నానికి తెలియదు, అతను చెప్పలేదు. ఉప్పెనలో మనుషుల్ని పోగొట్టుకున్నవాడు ఇలా ఉన్నట్టుండి ఏడవడం ఆమెకి కొత్త కాదు గనక ఏమీ అడక్కుండా నిలబడింది.

కాస్త తేరుకుని, కిందపడ్డ స్క్రూడ్రైవరు తీసుకుని, ఇరవై ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా మరలు నాలుగూ ఊడదీశాడు. పెట్టె వేసి చూశాడు. యంత్రం మూడో పాదం సగం పలికి, ఆగి, నాలుగో పాదం అందుకుంది. ఆ ఆగడం అతనికి మరీ కురచగా తోచింది.

"ఎంతసేపు ఆగేవాళ్ళమ్మా?" అన్నాడు.

"దానికింతని ఏముంది? చూపిస్తా ఉండు."

గంగారత్నం గంప దించి నేలమీద కూచుంది. చీర కొంగు మోకాళ్ళ మీదికి లాక్కుని, మాటలు లేకుండా గొంతులోనే ఆ పాట ఎత్తుకుంది. నిదానంగా, రెల్లుదిబ్బవాళ్ళు పాడినంత నిదానంగా. మొదటి పాదం అయింది. రెండోది అయింది. మూడో పాదం చివరికొచ్చి ఆగింది. వాళ్ళు ఆగినట్టే ఆగింది, తల కాస్త పక్కకి వంచి, ఎవరో అందుకుంటారన్నట్టు. కృపానందం కుడిచెయ్యి బల్లమీద లేచింది. వేళ్ళు విచ్చుకున్నాయి. ఏ స్వరమూ తట్టలేదు. చాలాసేపు ఆగింది గంగారత్నం. ఆ తర్వాత, ఇక రాడని తెలిసినవాళ్ళు ఎలా ఎత్తుకునేవారో అలా, నాలుగో పాదం ఎత్తుకుంది.